నాన్నగారి మాటకు విలువ ఎప్పుడిస్తారు?

తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైన మీ నాన్నగారికి 82 ఏళ్లనీ, మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయి వారానికి మూడుసార్లు తెనాలి నుంచి గుంటూరు వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నారనీ, ఇప్పుడు ‘ఇక చాలు, ఇంటిపట్టున ఉంటాను’ అంటున్నారనీ రాశారు. డాలస్‌లో ఉన్న మీ అన్నగారేమో ‘ప్రాణం కంటే ముఖ్యమైనది ఏముంది, ఎంత ఖర్చయినా నేను పంపుతాను, ఆపడానికి వీల్లేదు’ అంటున్నారు. నాన్నగారిని ఒప్పించే మార్గం చెప్పమని అడిగారు.

ఆ మార్గం నేను చెప్పను. జీవితమంతా నలుగురికి చదువు చెప్పిన మనిషిని ఈ వయసులో మాయమాటలతో ఒప్పించాలనుకోవడమే తప్పు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన వాక్యం వేరే ఉంది. ‘ఏదైనా జరిగితే అన్నయ్య నన్ను జన్మలో క్షమించడు’ అన్నారు. మీ భయం నాన్నగారి మరణం గురించి కాదు, మీ అన్నగారి నింద గురించి. ఆ భయం తీరేదాకా మీ చెవికి నాన్నగారి మాట ఎక్కదు.

ప్రాణం నిలబెట్టడం గొప్ప ధర్మమే. మశూచి ప్రపంచంలో లేకుండా పోయిందని 1980లో ప్రకటించగలిగారంటే, దాని వెనుక ఎందరి శ్రమ ఉందో తలచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. పసిబిడ్డకో, చిన్నపిల్లల తల్లికో జబ్బు చేస్తే ఆఖరి నిమిషం దాకా పోరాడమనే చెబుతాను. అయితే చావును వాయిదా వేయడమే మనిషికి అన్నిటికంటే పెద్ద పని అనే మాటను నేను ఒప్పుకోను. ఏడు రోజుల్లో పాముకాటుతో మరణం తప్పదని తెలిసిన పరీక్షిత్తు, భాగవతంలో విషానికి విరుగుడు వెతుక్కోలేదు. గంగ ఒడ్డున కూర్చుని, పోయే ముందు మనిషి చేయవలసిందేమిటని శుకుణ్ణి అడిగాడు. ఆ కథ మీ నాన్నగారు ఎంతమందికి పాఠం చెప్పి ఉంటారో!

ఆయన రోజు ఎలా గడుస్తోందో మీరే రాశారు. నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకుని, ఇంటికి వచ్చాక మర్నాటి దాకా తల ఎత్తలేకపోతున్నారు. ఆవకాయ లేదు, అరటిపండు లేదు, కొబ్బరినీళ్లు లేవు. మొన్న ఇంకో అరగ్లాసు నీళ్ల కోసం కోడలిని బతిమాలుకున్నారు. డాక్టరు చెప్పిన కొలత తప్పకూడదని ఆ అమ్మాయి గ్లాసు దాచేసి, వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఈ ఇంట్లో ఆరోగ్యం ఎవరికి మిగిలింది?

అలాగని రేపే ఆపేయమనడం లేదు. ముందు మీరొక్కరే ఆయన పక్కన కూర్చుని, ఎందుకు వద్దంటున్నారో అడగండి. సూదుల నొప్పి, దురద, మధ్యలో బీపీ పడిపోవడం వంటివైతే డాక్టరు కొంతవరకు సరిచేయగలరు. మనసు కుంగిపోయి అంటున్నారేమో కూడా చూపించాలి. ‘కొడుకులకు భారమయ్యాను’ అన్నది కారణమైతే, అది మీ అన్నగారు ఫోనులో పదేపదే అంటున్న ‘ఎంత ఖర్చయినా’ అనే మాట చేసిన గాయం. దాన్ని మాన్పవలసింది మీరిద్దరూ.

ఇవేవీ కాక, తెలివితో, నిబ్బరంగా వద్దంటే, ఆ హక్కు ఆయనది. గౌరవంగా మరణించడం కూడా రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. మున్ముందు మాట్లాడలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు. 2023లో సడలించిన నిబంధనల ప్రకారం ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉండాలి. డయాలసిస్ ఆపితే సాధారణంగా వారం, రెండు వారాల్లో ప్రాణం పోతుంది. మూత్రం ఇంకా కొంత వస్తుంటే మరికొన్నాళ్లు పట్టవచ్చు. ఆయాసం, వికారం, దురద బాధించకుండా చూసే పాలియేటివ్ కేర్ డాక్టరును ముందే మాట్లాడుకోండి. ఇదంతా నాన్నగారికి కూడా దాచకుండా చెప్పాలి.

ఇక మీ అన్నగారికి వాట్సాప్‌లో రిపోర్టులు పంపడం మానేయండి. డబ్బు వద్దు, సెలవు పెట్టి ఈ నెలలోనే రమ్మనండి. ఒక్కసారి ఆయనే నాన్నగారిని గుంటూరు తీసుకెళ్లి, ఆ నాలుగు గంటలూ పక్కన కూర్చుని, వెనక్కి తీసుకొచ్చి పడుకోబెట్టాలి. ఆ తరువాత ముగ్గురూ ఒకచోట కూర్చోండి. మొదట మాట్లాడవలసింది నాన్నగారు. ఆయన ముగించేదాకా మీరిద్దరూ అడ్డు రాకూడదు.