టెక్ సందేహాలు: సెన్సర్‌లో 5, యాప్‌లో 11

సందేహం: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టు కోసం మా కళాశాల డాబాపై ఎంఎల్8511 సెన్సర్‌ను ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపి, ఎండలోని అతినీలలోహిత కిరణాలను కొలుస్తున్నాను. నేల దగ్గర ఓజోన్ ఎలా తయారవుతుందో ఆ కొలతలతో వివరించాలన్నది ఉద్దేశం. మధ్యాహ్నం సెన్సర్ 5 చూపిస్తుంటే ఫోన్‌లోని యాప్ యూవీ ఇండెక్స్ 11 అంటోంది. సెన్సర్ పాడైందా? (ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: సెన్సర్ బాగానే ఉన్నట్టుంది. మీరు పోలుస్తున్నవి రెండు వేర్వేరు రాశులు. ఈ సెన్సర్‌కు ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికే ప్రోగ్రామ్ దాని వోల్టేజిని సున్నా నుంచి 15 వరకు ఉండే స్కేలులోకి మారుస్తుంది. ఆ స్కేలు చదరపు సెంటీమీటరుకు ఇన్ని మిల్లీవాట్లు అని చెప్పేదే తప్ప యూవీ ఇండెక్స్ కాదు. రెండూ ఇంచుమించు ఒకే పరిధిలో తిరిగే అంకెలు కావడం వల్లే ఈ తికమక వస్తోంది. పైగా ఫోన్‌లో కనిపించేది కొలత కూడా కాదు; ఓజోన్ పొర మందం, సూర్యుడి ఎత్తు, మబ్బులు లెక్కలోకి తీసుకుని కంప్యూటర్ నమూనా వేసిన అంచనా మాత్రమే. 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ నోట్ 4లో అతినీలలోహిత సెన్సర్ ఉండేది గానీ, సాధారణంగా ఫోన్లలో అది ఉండదు.

అసలు విషయం ఇంకొకటి ఉంది. యూవీ ఇండెక్స్‌ను మనిషి చర్మం కమిలే తీరును బట్టి రూపొందించారు. ఒక్కో తరంగదైర్ఘ్యానికి ఒక్కో విలువ ఇచ్చి కూడి, చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లను ఒక యూనిట్‌గా తీసుకుంటారు. ఈ లెక్కలో 298 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలకు పూర్తి విలువ ఉంటుంది; 328 దగ్గరికి వచ్చేసరికి అది ఆరువందల్లో ఒక వంతు కంటే తగ్గిపోతుంది. మీ ప్రాజెక్టుకు కావలసిన రసాయన చర్యకేమో ఆ తరువాతి కిరణాలే ముఖ్యం. వాహనాల పొగ వల్ల గాలిలో చేరే నైట్రోజన్ డయాక్సైడ్‌ను సుమారు 420 నానోమీటర్ల లోపు కాంతి విడగొడుతుంది. అందులో అధిక భాగం పని 400కు కాస్త దిగువన ఉన్న కిరణాలు చేస్తాయి. అలా విడివడిన ఆక్సిజన్ పరమాణువు ఆక్సిజన్ అణువుతో కలిస్తే ఓజోన్ అవుతుంది. నిర్మలమైన మిట్టమధ్యాహ్నం ఒక నైట్రోజన్ డయాక్సైడ్ అణువు సగటున రెండు నిమిషాలకు మించి నిలవదు. ఇంత చురుకుగా సాగే చర్యకు కారణమైన కాంతి యూవీ ఇండెక్స్‌కు దాదాపు కనిపించదన్నమాట.

దీనికి భిన్నమైన చర్య మరొకటి ఉంది. ఓజోన్ అణువే సుమారు 320 నానోమీటర్ల లోపు కాంతికి విడిపోయి, అందులోంచి వచ్చిన ఉత్తేజిత ఆక్సిజన్ పరమాణువు నీటి ఆవిరితో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అనే చాలా చురుకైన కణాన్ని పుట్టిస్తుంది. గాలిలోని మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ వంటి వాటిని ప్రధానంగా తొలగించేది ఈ రాడికలే. ఈ చర్యకు పనికొచ్చే కిరణాలు చర్మాన్ని కమిలించే కిరణాలకు చాలా దగ్గర కాబట్టి, ఇక్కడ యూవీ ఇండెక్స్ ఉజ్జాయింపుగా పనికొస్తుంది. మీ సెన్సర్ మాత్రం 365 నానోమీటర్ల పరిసరాల్లో ఎక్కువగా స్పందిస్తుంది; పైగా నేలను చేరే అతినీలలోహిత శక్తిలో దాదాపు 95 శాతం 315కు పైబడినదే. అంటే యూవీ ఇండెక్స్ పేరుతో అమ్ముడయ్యే ఈ పరికరం నిజానికి నైట్రోజన్ డయాక్సైడ్ విషయంలోనే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. కాబట్టి మీ నివేదికలోంచి యూవీ ఇండెక్స్‌ను పూర్తిగా తీసేయమనే నా సలహా.

సెన్సర్ ఆకారం గురించి కూడా చెప్పాలి. బల్లపరుపుగా పెట్టిన సెన్సర్‌పై ఏటవాలుగా పడే ఎండ తక్కువగా నమోదవుతుంది. సూర్యుడు నడినెత్తి నుంచి 60 డిగ్రీలు వాలితే నేరుగా వచ్చే కాంతిలో సగమే లెక్కకు వస్తుంది. గాలిలో తేలే అణువుకు పైన, కింద, పక్క అనే తేడా లేదు. ఏ దిక్కు నుంచి వచ్చిన కాంతి అయినా దాన్ని ఒకేలా విడగొట్టగలదు. అందుకే వాతావరణ రసాయన శాస్త్రజ్ఞులు అన్ని దిక్కుల కాంతిని సమానంగా స్వీకరించే క్వార్ట్జ్ గోపురాన్ని వాడి, యాక్టినిక్ ఫ్లక్స్ అనే రాశిని కొలుస్తారు. ఒక్కో తరంగదైర్ఘ్యం వద్ద దాన్ని, అణువు కాంతిని పీల్చుకునే సామర్థ్యంతోనూ, పీల్చుకున్నాక విడిపోయే అవకాశంతోనూ గుణించి కూడితే విచ్ఛేదన రేటు, అంటే కాంతి ఆ అణువును విడగొట్టే వేగం వస్తుంది. మీ దగ్గర గోపురం లేదు కనుక ఉదయం, సాయంత్రం రీడింగులను అలాగే వాడకుండా సూర్యుడి కోణాన్ని బట్టి సవరించండి.

ఎలక్ట్రానిక్స్‌లో రెండు జాగ్రత్తలు: కాంతి లేనప్పుడు కూడా ఈ సెన్సర్ సుమారు ఒక వోల్టు ఇస్తుంది కాబట్టి దాన్ని తీసివేయాలి, యూఎస్‌బీ సరఫరా హెచ్చుతగ్గుల ప్రభావం పడకుండా బోర్డులోని 3.3 వోల్టులను ప్రమాణంగా పెట్టుకోవాలి. మరో చిప్‌కు మారే ఆలోచన ఉంటే ఎస్‌ఐ1145 జోలికి వెళ్లకండి. అందులో అతినీలలోహిత గ్రాహకమే లేదు. దృశ్యకాంతిని, పరారుణ కాంతిని చూసి అది యూవీ ఇండెక్స్‌ను ఊహిస్తుంది.

సందేహం: వానకు తడవకుండా యూవీ సెన్సర్‌పై గాజు పలక పెట్టాను. యూవీ-బీ (చర్మాన్ని కమిలించే తక్కువ తరంగదైర్ఘ్యపు కిరణాలు) రీడింగు సున్నాకు పడిపోయింది. (విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం)

జవాబు: కిటికీ గాజు యూవీ-బీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. బయట వాడే ప్లాస్టిక్ పలకల్లోనూ అదే గుణం ఉండవచ్చు. క్వార్ట్జ్ పలక గానీ, పలచని టెఫ్లాన్ పొర గానీ వాడండి. టెఫ్లాన్ కాంతిని అన్ని వైపులకూ వెదజల్లుతుంది కాబట్టి అదనపు ప్రయోజనమూ ఉంది. సముద్రతీరంలో ఉన్నారు గనుక ఉప్పు పేరుకోకుండా తరచూ తుడవాలి.

సందేహం: సెన్సర్ లేకుండా సాఫ్ట్‌వేర్‌తోనే ఈ విచ్ఛేదన రేట్లను లెక్కించవచ్చా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: లెక్కించవచ్చు. అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న ఎన్‌కార్ అనే వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన టీయూవీ అనే నమూనా ఉచితంగా దొరుకుతుంది. తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు, ఓజోన్ పొర మందం, నేల పరావర్తనం ఇస్తే అది నిర్మలాకాశానికి తగిన రేట్లను చెబుతుంది. మబ్బులు, ధూళి విషయంలోనే చిక్కు వస్తుంది. చెదురుమదురు మబ్బుల అంచులు ఒక్కోసారి నిర్మలాకాశం కంటే ఎక్కువ కాంతిని కిందికి పంపుతాయి. కాంతిని చెదరగొట్టే సల్ఫేట్ ధూళి నేల దగ్గరి గాలిలో ఈ చర్యలను వేగవంతం చేయగలదనీ, కాంతిని పీల్చుకునే మసి వాటిని తగ్గిస్తుందనీ 1997లో అమెరికా పరిశోధకులు చూపించారు. మన నగరాల గాలిలో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి నమూనాను మాత్రమే నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు. సెన్సర్ రీడింగును నమూనా విలువతో భాగించి, ఆ నిష్పత్తి రోజంతా ఎలా మారుతోందో గ్రాఫు గీయండి.

సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక సమయం (యూటీసీ)లోనే నమోదు చేయండి. హైదరాబాద్‌లో సూర్యుడు అత్యంత ఎత్తుకు చేరేది మన గడియారంలో సగటున 12 గంటల 15 నిమిషాల ప్రాంతంలో. ఏడాది పొడవునా అది సుమారు పావుగంట వరకు అటూ ఇటూ జరుగుతుంది. మబ్బు లేని రోజున మీ సెన్సర్ రీడింగుల గ్రాఫు శిఖరం ఆ సమయానికి అరగంటకు మించి తప్పిందంటే, సెన్సర్ ఒక వైపు వాలి ఉందో, గడియారం తప్పుగా ఉందో ముందు చూసుకోండి.