ఫ్లూట్, వయోలా, హార్ప్ త్రయం కచేరీని ఎలా వినాలి?

మీరు అడిగినవి రెండు సంగతులు. ఫ్రెంచి స్వరకర్తలైన రమో, డెబ్యుసీ, రావెల్‌లతో పాటు ఇంగ్లండుకు చెందిన బాక్స్, జపానుకు చెందిన తాకెమిత్సు రచనలు కూడా ఉన్న కార్యక్రమాన్ని ఫ్రెంచి సంగీతం పేరుతో ఎందుకు ప్రకటించారన్నది మొదటిది. కర్ణాటక సంగీతం తప్ప మరొకటి అంతగా వినని మీరు, వయొలిన్ నేర్చుకుంటున్న మీ పన్నెండేళ్ల అమ్మాయి ఈ కచేరీని ఆస్వాదించగలరా అన్నది రెండవది. లండన్‌లో ఉద్యోగం చేసిన కాలంలో, అక్కడి చర్చిల్లో మధ్యాహ్న భోజన వేళ జరిగే చిన్న కచేరీలకు వెళ్లడం నాకు అలవాటుగా ఉండేది. ఫ్లూట్, వయొలిన్ కన్నా కొంచెం పెద్దదైన వయోలా, నిలువు తీగలను వేళ్లతో మీటే పెద్ద హార్ప్, ఇవే మూడు వాద్యాలను, దాదాపు ఇలాంటి కార్యక్రమంతోనే, అక్కడ విన్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ఈ కార్యక్రమమంతా డెబ్యుసీ 1915లో రాసిన సొనాటా (కొన్ని భాగాలుగా సాగే వాద్య రచన) చుట్టూ అల్లుకున్నది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన తరువాత చాలా నెలల పాటు ఆయన దాదాపు ఏమీ రాయలేకపోయాడు. 1915 వేసవిలో సముద్రతీరాన ఉన్న పూర్విల్ అనే ఊరికి చేరిన తరువాత కలం మళ్లీ కదిలింది. వేర్వేరు వాద్యాల కోసం ఆరు సొనాటాలు రాయాలని సంకల్పించి, వాటి ముఖపత్రం మీద తన పేరు కింద ‘ఫ్రెంచి సంగీతకారుడు’ అని వేయించుకున్నాడు. ఆరింటిలో మూడే పూర్తయ్యాయి. 1918 మార్చిలో ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ మూడింటిలో రెండవదే ఫ్లూట్, వయోలా, హార్ప్‌ల కోసం రాసినది. మొదట వయోలా స్థానంలో ఓబో అనే ఊదే వాద్యం అనుకొని, తరువాత మార్చుకున్నాడు. ఆ మార్పుతో కుదిరిన ఈ కూటమి తరువాతి స్వరకర్తలెందరికో దారి చూపిందని నా నమ్మకం. 1916 డిసెంబరులో పారిస్‌లో ఆయన ప్రచురణకర్త ద్యూరాన్ ఇంట్లో ఆంతరంగికంగా దీన్ని వినిపించినప్పుడు వయోలా పట్టుకున్నది, తరువాత తానే పెద్ద స్వరకర్త అయిన డారియస్ మియో. అప్పటికి అతని వయసు 24 ఏళ్లు.

కచేరీకి ముందు ఆ సొనాటా మొదటి నిమిషాన్ని మాత్రం రెండు మూడు సార్లు వినండి. హార్ప్ తీగలు నెమ్మదిగా పైకి పాకుతాయి. ఆ నాదం పూర్తిగా అణగకముందే ఫ్లూట్ అందుకొని, సాగుతూ, తిరుగుతూ ఒక స్వరం మీద నిలుస్తుంది. సరిగ్గా ఆ స్వరం మీదనే వయోలా ఎంతో సన్నగా ప్రవేశిస్తుంది. ఫ్లూట్ ఎక్కడ ఆగింది, వయోలా ఎక్కడ మొదలైంది అన్నది మొదటిసారి వింటున్న వారికి తెలియదు. ఒకటి మీటితే మోగి తగ్గిపోయే వాద్యం, ఒకటి ఊపిరితో నిలిచేది, ఒకటి కమానుతో సాగేది. ఈ మూడు భిన్నమైన నాదాలు ఒకదాని చేతిలోంచి మరొకదాని చేతిలోకి స్వరాన్ని అందించుకోవడమే ఈ రచనలోని అసలు వ్యవహారం. మన కచేరీలో గాత్రం ముందు నడుస్తుంది, వయొలిన్ అనుసరిస్తుంది, మృదంగం పట్టి నడిపిస్తుంది. ఇక్కడ ప్రధాన కళాకారుడు, పక్కవాద్యం అనే విభజనే లేదు. ఎవరు ముఖ్యమని వెతకడం మానేస్తే చెవి చాలా తేలికపడుతుంది. ఫ్రెంచివారి నుంచి బాక్స్, తాకెమిత్సు నేర్చుకున్నది ప్రధానంగా ఇదేనని, అంటే నాదపు రంగును రచనకు అలంకారంగా కాక ఆధారంగా తీసుకోవడమని, నా అభిప్రాయం. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు అదే.

హార్ప్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే హాలులో నా కళ్లు ఎక్కువసేపు నిలిచింది దాని మీదనే. ఆ వాద్యానికి 47 తీగలు, కింద ఏడు పెడళ్లు ఉంటాయి. ఏడు స్వరనామాలకు ఏడు పెడళ్లు. ఒక్కోదానికి మూడు స్థానాలు. ఒక మెట్టు నొక్కితే అన్ని స్థాయిల్లోనూ ఆ స్వరపు తీగలన్నీ ఒకేసారి అర స్వరం హెచ్చుతాయి. ఎరార్ అనే ఫ్రెంచి వాద్య నిర్మాత 1810 ప్రాంతంలో లండన్‌లో రూపొందించిన ఈ ఏర్పాటు లేకపోతే డెబ్యుసీ, రావెల్ రాసినట్లు స్వరాలు క్షణక్షణం మారే సంగీతాన్ని హార్ప్ మీద వాయించడం సాధ్యమయ్యేది కాదు. నేను విన్న కచేరీలో కళాకారిణి ప్రతి రచనకు ముందు ఏడు పెడళ్లనూ ఒక్కొక్కటిగా సరిచూసుకొని, కాగితం మీద పెన్సిలుతో గీసుకున్న గుర్తులను మరోసారి చూసుకొని, ఆ తరువాతనే తల ఎత్తింది. పైన వేళ్లు మెత్తగా మీటుతుంటే కింద పాదాలు ఎంత తీరిక లేకుండా ఉంటాయో చూస్తే ఆ నాదం మీద గౌరవం పెరుగుతుంది. అందువల్ల టికెట్లు తీసుకునేటప్పుడు ముందు వరుసల్లో, హార్పిస్టు పాదాలు కనిపించే వైపు కూర్చోండి. పైగా హార్ప్ నాదం సున్నితమైనది. వెనుక వరుసల్లో కింది తీగల స్పష్టత తగ్గుతుంది.

మిగిలిన రచనల గురించి క్లుప్తంగా. రమో 1741లో ప్రచురించిన ‘పియెస్ దె క్లావసెన్ అన్ కొన్సేర్’ హార్ప్సికార్డ్‌తో (పియానోకు ముందు కాలపు మీటల వాద్యం) పాటు మరి రెండు వాద్యాలు వాయించడానికి రాసినవి; హార్ప్సికార్డ్ భాగాన్ని హార్ప్‌కు ఇచ్చుకోవడం ఇలాంటి త్రయాలకు మామూలే. డెబ్యుసీకి రమో మీద ఎంతో ఆరాధన ఉండేది కాబట్టి కార్యక్రమాన్ని ఆయనతో మొదలుపెట్టడం సమంజసంగా ఉంది. రావెల్ ‘సొనాతీన్’ నిజానికి పియానో రచన. ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన హార్పిస్టు సాల్జెడో దాన్ని హార్ప్ ఉన్న త్రయానికి మలిచాడు. బాక్స్ ‘ఎలిజియాక్ ట్రియో’ 1916 నాటిది. అదే ఏడాది ఏప్రిల్‌లో డబ్లిన్‌లో జరిగిన తిరుగుబాటును అణచివేసిన తీరు, ఐర్లండును ఎంతో ప్రేమించిన బాక్స్‌ను కలచివేసింది. ఈ శోకగీతాన్ని దానితో కలిపి వినేవారే ఎక్కువ. ఇవే మూడు వాద్యాలైనా బాక్స్ చేతిలో గాఢమైన, ఒకే ధారగా సాగే పాట అయ్యాయి. తాకెమిత్సు 1992లో రాసిన రచనకు పేరు అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ కవితలోని ఒక పాదం నుంచి వచ్చింది. అందులో డెబ్యుసీ సొనాటాలోని ఒక చిన్న పలుకు కూడా వినిపిస్తుంది. అందుకే ఆ రెండింటినీ వెంటవెంటనే వాయిస్తే శ్రోతకు ఎంతో లాభం. మీరు పంపిన క్రమంలో మధ్యలో విరామం పెట్టారు; అది నాకు కొంత లోటుగానే తోచింది.

ఇక కర్ణాటక సంగీతపు చెవితో వినడం. డెబ్యుసీ మొదటి భాగం ఆలాపనలా వదులుగా నడుస్తుంది కాబట్టి మీకు పరాయిగా అనిపించదు. కాని తంబురా లేదు. ఆధార షడ్జం ఒక చోట స్థిరంగా ఉండదు. రాగం ఏదని పట్టుకోబోతే అది రెండు క్షణాల్లో మారిపోయి చిరాకు కలుగుతుంది. రెండవ భాగం మినుయెట్ అనే పాత ఫ్రెంచి నృత్యపు నడకలో ఉంటుంది. చేత్తో తాళం వేసుకోవాలనిపిస్తే మనసులోనే వేసుకోండి. మూడవ భాగం గట్టి లయతో దూసుకుపోతూ, ముగింపుకు కొద్దిగా ముందు, మొదటి భాగం ఆరంభాన్ని ఒక్కసారి గుర్తుచేస్తుంది. మొదటి నిమిషాన్ని ముందే విని ఉండమని చెప్పింది ఇందుకే. మొత్తం రచన పదిహేడు, పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. భాగాల మధ్య చప్పట్లు కొట్టరు, మూడూ అయ్యాక కొడతారు.

మీ అమ్మాయిని తప్పకుండా తీసుకువెళ్లండి. వయోలా ఆమెకు దగ్గరగా తోస్తుంది: చూడటానికి కొంచెం పెద్ద వయొలిన్, శ్రుతి చేయడంలో వయొలిన్ కన్నా అయిదు స్వరాలు కిందికి దిగే తీగలు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు కర్ణాటక సంగీతంలో వయోలా వాయించేవారని ఆమెకు ముందే చెప్పి, దొరికితే ఆ రికార్డింగు ఒకటి వినిపించండి. ఇలాంటి చిన్న హాళ్లలో కచేరీ తరువాత కళాకారులు చాలాసార్లు బయటికి వచ్చి శ్రోతలతో మాట్లాడతారు. వయోలా వాయించినవారిని కలిసి, కమాను ఒత్తిడి గురించి అమ్మాయినే స్వయంగా అడగనివ్వండి. పిల్లలు అడిగే ప్రశ్నలకు వారు ఓపికగా జవాబు చెప్పడం నేను చూశాను.