చిన్న ఊళ్లో పెద్ద బండి: మోటర్‌హోమ్ అడిగిన తమ్ముళ్లకి

"అన్నయ్యా, అక్టోబరులో పర్లాకిమిడి నించి అమ్మా నాన్నా వస్తున్నారు. మోటర్‌హోమ్ (మంచం, వంటిల్లు లోపలే ఉండే బండి) అద్దెకి తీసుకుని కొండల్లో ఉన్న యాష్‌విల్ వెళ్దామనుకుంటున్నాం. ఊళ్లో నడపగలమా?" బరంపురం, గుణుపురం, రాయగడల నించి ఈమధ్య నార్త్ కరోలినాకి వచ్చిన పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఇది. హైవే మీద నడపగలరు. ఊళ్లో కూడా నడపగలరేమో గానీ, నడపొద్దనే నేను చెబుతాను. బండిని ఊరి బయట క్యాంప్‌గ్రౌండ్‌లో (ఇలాంటి బండ్లు నిలుపుకునే చోట్లో) పెట్టేసి, ఊళ్లోకి ఉబర్‌లోనో సిటీ బస్సులోనో వెళ్లండి. ఇల్లు వెంటే ఉంటే ఎక్కడ పడితే అక్కడ ఆగొచ్చనుకుంటారు అందరూ. జరిగేది దానికి తలకిందులుగా ఉంటుంది. ఆకులు రంగు మారే రోజుల్లో అక్కడ క్యాంప్‌గ్రౌండ్లు ముందే నిండిపోతాయి కాబట్టి, టికెట్లు కొన్న రోజే జాగా కూడా బుక్ చేసుకోండి.

మామూలుగా అద్దెకిచ్చే పెద్ద బండి పొడవు 30 అడుగులు, పైన ఏసీతో కలిపి ఎత్తు దాదాపు 12 అడుగులు. పార్కింగ్‌లో ఒక గడి పొడవు సుమారు 18 అడుగులు. డౌన్‌టౌన్‌లో కార్లు పెట్టుకునే అంతస్తుల పార్కింగ్‌లకి ఏడెనిమిది అడుగుల ఎత్తే ఉంటుంది, కాబట్టి వాటి మొహం కూడా చూడొద్దు. నాన్నగారికి టీ కావాలని, బండి దిగకుండానే కొనుక్కునే డ్రైవ్-త్రూలోకి తిప్పొద్దు. అక్కడి రేకు కప్పు మీ ఏసీని ఊడబెరుకుతుంది. ఆ ఖర్చు ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో అద్దె కాగితాల్లో చదివి సంతకం పెట్టండి. పైకప్పు దెబ్బలని విడిగా పక్కన పెట్టే పాలసీలు చాలా ఉన్నాయి. కారు అద్దెకి పనికొచ్చే క్రెడిట్ కార్డు కవరేజీ కూడా చాలావాటిలో మోటర్‌హోమ్‌కి వర్తించదు.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకునేవాళ్లకి డర్హమ్‌లో గ్రెగ్‌సన్ స్ట్రీట్ రైలు వంతెన చూపిస్తాను. దాని కింద ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు ఉండేది. హెచ్చరిక బోర్డులు పెట్టారు, లైట్లు పెట్టారు. అయినా అద్దె ట్రక్కుల పైకప్పులు డబ్బా మూతల్లా లేచిపోతూనే ఉండేవి. అక్కడ పనిచేసే ఒకాయన 2008లో కెమెరా పెట్టి ఆ వీడియోలు లోకానికంతా చూపించాడు. 2019 అక్టోబరులో వంతెనని 8 అంగుళాలు పైకి లేపి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు. ఆ తర్వాత కూడా గుద్దేవాళ్లు గుద్దుతూనే ఉన్నారు. గూగుల్ మ్యాప్స్‌కి మీ బండి ఎత్తు తెలీదు, కారుకి చూపించే దారే మీకూ చూపిస్తుంది. బండి చేతికి రాగానే ఎత్తెంతో అడిగి, అడుగులూ అంగుళాలతో సహా చీటీ రాసి స్టీరింగ్ పక్కన అతికించండి.

మలుపుల్లో ముందు చక్రాల కన్నా తోక గురించే ఆలోచించాలి. వెనక చక్రాలు దాటాక కూడా బండి చాలా పొడవుంటుంది. మీరు కుడికి తిప్పితే ఆ తోక ఎడమకి ఊగుతుంది, పక్క లేన్‌లో కారునో కరెంటు స్తంభాన్నో తగులుతుంది. కాబట్టి కూడలిలో కాస్త ముందుకి పోయాక తిప్పండి. పెట్రోలు బంకులో పంపుకి దగ్గరగా ఆపి, బయటికొచ్చేటప్పుడు వెంటనే మలుపు తీస్తే పంపు పక్కనున్న ఇనప స్తంభం బండి పక్క గీరేస్తుంది.

రివర్స్ చేసేటప్పుడు ఎవరో ఒకరు దిగాల్సిందే. మన వైపు లారీకి ఖలాసీ ఉండేది ఊరికే కాదు. నాన్నగారిని దింపడమా అని మొహమాటపడక్కర్లేదు, ఆయనే ఉత్సాహంగా దిగుతారు. చిక్కేమిటంటే సరిగ్గా అద్దంలో కనపడని చోట నిలబడి "రానీ, రానీ" అంటారు. అద్దంలో మనిషి కనపడకపోతే బండి ఆపెయ్యడమే. ఇంజను చప్పుడుకి కేకలు వినపడవు కాబట్టి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టుకోండి. అన్నిటికన్నా మంచిది అసలు రివర్స్ అవసరం లేకుండా చూసుకోవడం. సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో తలుపుకి దూరంగా ఉన్న చివరి వరసకి వెళ్లి, ఎదురెదురు గడులు రెండు ఖాళీగా ఉంటే నేరుగా దూరి నిలబెట్టండి. అమ్మగారి మోకాళ్ల మాటంటారా, ముందు ఆవిణ్ణి తలుపు దగ్గర దింపండి.

రాత్రికి వాల్‌మార్ట్ పార్కింగ్‌లో బండి ఆపి పడుకోవచ్చా? కొన్నిచోట్ల పడుకోనిస్తారు, కొన్నిచోట్ల ఊరి చట్టమే ఒప్పుకోదు. లోపలికెళ్లి మేనేజర్ని అడగడమే దారి. ఒప్పుకున్నా బయట కుర్చీలు వేసి పొయ్యి వెలిగించొద్దు. అమ్మగారితో వెళ్తుంటే నేనైతే క్యాంప్‌గ్రౌండే అంటాను. అక్కడ కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం ఉంటాయి. 30 ఆంపుల కనెక్షనైతే మొత్తం 3600 వాట్లే, ఏసీ నడుస్తుండగా మైక్రోవేవూ రైస్ కుక్కరూ కలిపి పెడితే ఫ్యూజు పోతుంది.

కొండల మీదుగా పోయే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు ఎక్కాలనుంటే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో రోడ్డు పరిస్థితి చూడండి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక గంజాం రోడ్లు చూసినవాళ్లకి, 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఆ కొండల్ని ఏం చేసిందో వేరే చెప్పక్కర్లేదు. పార్క్‌వే మీదున్న 26 సొరంగాల్లో 25 మన రాష్ట్రంలోవే. అవి కమానులు, మధ్యలో ఉన్నంత ఎత్తు అంచున ఉండదు. సైట్‌లో ఒక్కోదాని ఎత్తూ రాసుంటుంది, మీ చీటీతో పోల్చుకోండి.

తిరిగొచ్చేటప్పుడు ఐ-40 హైవే మీద ఓల్డ్ ఫోర్ట్ దిగుడు వస్తుంది. మైళ్ల పొడవునా వాలు, బ్రేకులు ఫెయిలైన లారీల కోసం పక్కన ఇసుక దారులు కూడా ఉన్నాయి. తప్తపాణి ఘాట్‌లో లారీవాళ్లు చిన్న గేరులో దిగడం చూశారు కదా, ఇదీ అంతే. వాలు మొదలవ్వకముందే వేగం తగ్గించి, గేరు కర్ర మీదుండే టో/హాల్ మీట నొక్కితే ఇంజనే బండిని పట్టుకుంటుంది. బ్రేకు మీద కాలు అలాగే ఉంచెయ్యకుండా అప్పుడప్పుడు గట్టిగా నొక్కి వదలండి. అమ్మా నాన్నా వెనక మంచం మీద కాదు, సీట్లలో బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. వెనక ఎన్ని కార్లు చేరినా కుడి లేన్ వదలొద్దు.