మిద్దె మీది ఎండకు ఈప్రామ్ చెరుగుతుందా?

ప్రశ్న: పాత 8085 మైక్రోప్రాసెసర్ కిట్‌లోని 2764 ఈప్రామ్‌ను (కరెంటు పోయినా ప్రోగ్రామును దాచి ఉంచే మెమరీ చిప్) చెరిపి మళ్లీ రాయాలి. చెరిపే యంత్రం (ఇరేజర్) లేదు. మిద్దె మీద ఎండలో పెడితే చాలదా? మా ఊళ్లో ఎండకు కొదవ లేదు. (అనంతపురం పాఠకుడు)

జవాబు: చెరుగుతుంది గానీ అనంతపురం ఎండకైనా వారం దాకా పడుతుంది. చెరిపేది వేడి కాదు, 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం. అది ఓజోన్ పొర దగ్గరే ఆగిపోతుంది. ఎండలో మనకు దక్కేది దానికన్నా బలహీనమైన కిరణాలే. ఆలస్యం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు, అరకొరగా చెరగడంతోనే అసలు తంటా. ప్రోగ్రామర్‌లో (చిప్‌లో రాసే పరికరం) బ్లాంక్ చెక్, అంటే ఖాళీయేనా అన్న పరీక్ష చేస్తే అంతా ఎఫ్‌ఎఫ్ (బిట్లన్నీ ఒకట్లే, ఖాళీ అని) అనే చూపిస్తుంది. కిట్‌లో 5 వోల్టులు కాస్త తగ్గగానే కొన్ని బిట్లు సున్నాలైపోతాయి.

వాటర్ ప్యూరిఫైయర్‌కు వేసే యూవీ ట్యూబు, దాని చోకు కొనుక్కోండి. అదీ 253.7 రకమే. ట్యూబుకు అంగుళం దూరంలో చిప్ కిటికీ (లోపలికి కాంతి పోయే పారదర్శక భాగం) ఉండేలా 15–20 నిమిషాలు పెట్టండి. నోట్లు పరీక్షించే నీలి ట్యూబు పనికిరాదు. మధ్యలో మామూలు గాజు ఉన్నా కిరణం దాటదు, చిప్ కిటికీకి క్వార్ట్జ్ వాడేది అందుకే. కిటికీ మీది స్టిక్కర్ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ మరక కింది బిట్లే మొండికేస్తాయి. ట్యూబును మూత ఉన్న డబ్బాలోనే వెలిగించండి, లేదంటే కళ్లు దెబ్బతింటాయి. అన్నట్టు, కిటికీ లేని ప్లాస్టిక్ 27సి రకాన్ని ఎంతసేపు పెట్టినా చెరగదు.

ప్రశ్న: చెరిపాను, బ్లాంక్ అంటోంది. రాస్తే మొదటి బైట్ దగ్గరే వెరిఫై (రాసింది సరిచూసే పరీక్ష) తప్పుతోంది. చిప్ 2764. (కర్నూలు పాఠకుడు)

జవాబు: వోల్టేజీ చాలడం లేదు. ఇంటెల్ 2764 రాయడానికి 21 వోల్టులు కావాలి, 2764ఏ అయితే 12.5 చాలు. చౌక ప్రోగ్రామర్లలో కొన్ని 18 దాటవు. తిరగేసి 12.5 చిప్‌కు 21 ఇచ్చారో, అది ఇక చెత్తబుట్టకే. తయారీదారును బట్టి ఇది మారుతుంది కనుక మీ చిప్ డేటాషీట్ చూసి పెట్టండి.

ప్రశ్న: 1984 నాటి క్లాస్ పథకంలో (బడుల్లో కంప్యూటర్ చదువుకు పెట్టినది) బడులకొచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ ఒకటి దొరికింది. దానికి 27128 (16 కేబీ ఈప్రామ్) దొరకడం లేదు, డబ్ల్యూ27సి512 (64 కేబీది) పెట్టొచ్చా? (కడప పాఠకురాలు)

జవాబు: పెట్టొచ్చు. 27128లో 1వ పిన్ను రాసే వోల్టేజీకి, 27వది రాసే సంకేతానికి. చదివేటప్పుడు రెంటికీ 5 వోల్టులే అందుతాయి. 512లో అవే పిన్నులు ఏ15, ఏ14 అడ్రసు తీగలు. రెండూ ఎప్పుడూ 5 వోల్టుల దగ్గరే, అంటే 1గానే ఉంటాయి గనక యంత్రం చదివేది చిట్టచివరి 16 కేబీని. మీరు మొదటి భాగంలో రాసి పెడితే తెర మీద ఏమీ రాదు. 16,384 బైట్ల ఫైలును నాలుగుసార్లు వరుసగా అతికించి 65,536 చేసి రాయండి, ఏ భాగం చదివినా ఒకటే. 27256 (32 కేబీది) అయితే రెండుసార్లు చాలు. ఈ 512కు యూవీ అక్కర్లేదు, ప్రోగ్రామరే 14 వోల్టులతో చెరుపుతుంది. కొనగానే ప్రోగ్రామర్‌తో చిప్ ఐడీ (చిప్ లోపలి గుర్తింపు సంఖ్య) చదివించండి, పాత చిప్‌ల మీద నంబరు మార్చి అమ్మేవాళ్లున్నారు. సాకెట్‌లో పెట్టేముందు చిప్ కొసనున్న గంటు ఎటుందో పక్క చిప్‌తో పోల్చుకోండి.