నెలలు నిండుతున్నవాళ్ళు ఒకరికొకరు తోడుంటే ధైర్యం వస్తుందా, భయం పెరుగుతుందా? నా అనుభవం

మీ ప్రశ్న చదువుతుంటే నా తొలి కాన్పు ముందు రాత్రులే గుర్తొచ్చాయి. 34 వారాలు నిండాయి, పుట్టింటికి వచ్చారు, మీ ఆయన బెంగళూరులో ఉన్నారు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ కన్ను మూతపడటం లేదు. అమ్మకు చెబుదామంటే ఆమె బీపీ పెరుగుతుందని భయం. ఇదే నెలల్లో ఉన్న ఆడవాళ్ళతో మాట్లాడితే మనసు తేలికపడుతుందా, లేక వాళ్ళ భయాలు కూడా మనకు అంటుకుంటాయా అని అడిగారు.

నాకు రెండూ జరిగాయి. అయినా మాట్లాడమనే చెబుతాను.

2023 మే నెల, వరంగల్ వైపు ఎండలు మండిపోతున్నాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు చేస్తారు, 2016 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. ఆ రోజు నేనూ వెళ్ళాను. నలుగురు కూర్చునే బెంచీ కాదది, అయినా నలుగురం సర్దుకుని కూర్చున్నాం. అందరి చేతుల్లోనూ అదే తల్లీబిడ్డల కార్డు, చెమటకు అంచులు మెత్తబడిపోయి ఉన్నాయి. నా పక్కనున్నామె "ఎన్నో నెల?" అని అడిగింది. తొమ్మిది పడబోతోందన్నాను. "నాకూ అంతే. రాత్రిళ్ళు నిద్రపోతున్నావా?" అంది. అప్పటిదాకా తిన్నావా, మాత్రలు వేసుకున్నావా అని అడిగినవాళ్ళే తప్ప, నిద్రపోతున్నావా అని అడిగినవాళ్ళు లేరు. నాకు ఏడుపొచ్చేసింది.

ఆమెను మేం కుట్టుమిషన్ అక్క అనేవాళ్ళం, జాకెట్లు కుడుతుంది. మిగతా ఇద్దరిలో ఒకామె ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇంకో అమ్మాయిది నర్సంపేట వైపు పల్లె, ఇరవై ఏళ్ళుంటాయేమో, అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ రోజు ఫోన్ నంబర్లు తీసుకున్నాం. చెకప్‌కు ఒకే రోజు వెళ్ళేలా చూసుకున్నాం. రాత్రి ఎవరికి మెలకువ వచ్చినా వాయిస్ మెసేజ్ పెట్టుకునేవాళ్ళం, ఎవరు మేల్కొని ఉంటే వాళ్ళు జవాబిచ్చేవాళ్ళు.

అక్కది రెండో కాన్పు. మొదటి బిడ్డ 37వ వారంలో కడుపులోనే పోయింది. ఈ సంగతి ఆమె మాకు మొదటి రోజే చెప్పలేదు. మొదటి వారం చెకప్‌లో మా ముగ్గురికీ తలా ఒక చిన్న మూట ఇచ్చింది. మెరూన్ రంగు జాకెట్ ముక్కలో పది చింతగింజలు, నోటికి దారం చుట్టి ఉంది. అష్టాచెమ్మా ఆడటానికనుకున్నాను. "ఇవి బిడ్డ కదలికలకు" అంది. అన్నం తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. పది గింజలూ ఒక గిన్నెలో పోసి, బిడ్డ కదిలినప్పుడల్లా ఒకటి తీసి రెండో గిన్నెలో వేయాలి. రెండు గంటల్లోపు పదీ అవతలి గిన్నెలోకి వెళ్ళాలి. మామూలుగా అంతకన్నా చాలా ముందే వెళ్ళిపోతాయి. వెళ్ళకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లారాక చూద్దాంలే అనుకోకూడదు. డాక్టరు చెప్పింది కూడా ఇదే. కానీ డాక్టరు చెప్పినప్పుడు తలూపి వచ్చేశాను, గింజలు చేతిలో పడ్డాకే రోజూ లెక్కపెట్టాను.

నాకు 38వ వారం వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం రెండు గంటలు గడిచినా ఇవతలి గిన్నెలో ఇంకా ఆరు గింజలున్నాయి. అమ్మ "నెలలు నిండాయి కదా, లోపల చోటు చాలక కదలదు" అంది. పక్కింటి పెద్దమ్మ కూడా అదే మాట. నాకూ ఆ మాటే నమ్మాలనిపించింది, నమ్మితే హాయిగా ఉంటుంది కదా. కానీ అది నిజం కాదు. నెలలు నిండాక కదిలే తీరు కొంచెం మారినట్టు అనిపించవచ్చు, కదలికలు తగ్గడం మాత్రం మామూలు సంగతి కాదు. కాన్పు అయ్యేదాకా బిడ్డ కదులుతూనే ఉండాలి.

అక్కకు ఫోన్ చేశాను. "ఎన్ని మిగిలాయి?" అని ఒక్కటే అడిగింది. ఆరు అన్నాను. "కార్డు తీసుకుని బయల్దేరు. నేనూ వస్తున్నా." అంతే, ఇంకో మాట లేదు. నేను ఆటో దిగేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది, తనకూ 36 వారాల కడుపు, ఆ ఎండలో. లోపల నా పొట్ట చుట్టూ బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు చూసే మిషన్ పెట్టారు. ఇరవై నిమిషాలు కాగితం మీద గీత నడుస్తూనే ఉంది. అంతసేపూ అక్క నా చెప్పుల దగ్గర చూపు నిలిపి కూర్చుంది, ఒక్కసారి కూడా తలెత్తలేదు. అన్నీ బాగానే ఉన్నాయి. స్కానింగ్ కూడా చేసి సాయంత్రం పంపించారు. ఊరికే వచ్చి ఇబ్బంది పెట్టానేమో మేడమ్ అంటే, "మళ్ళీ తగ్గితే మళ్ళీ రా, పదిసార్లయినా రా" అన్నారు ఆ డాక్టరమ్మ. ఆటోలో వస్తుంటే అప్పుడు చెప్పింది అక్క తన మొదటి బిడ్డ సంగతి. ఆ రోజు కూడా ఇలాగే కదలికలు తగ్గాయట. ఇంట్లో ఇదే మాట చెప్పారట. పొద్దున వెళ్దాంలే అనుకున్నారట.

భయం ఎలా అంటుకుంటుందో కూడా చెబుతాను, ఎందుకంటే మీరు అడిగిన సగం ప్రశ్న అదే. మొదట్లో స్కానింగ్ రిపోర్టులు ఫోటో తీసి పెట్టుకునేవాళ్ళం. నా ఉమ్మనీరు కొలత 9 సెంటీమీటర్లు అని వచ్చింది, టీచర్‌కు 14. నా బిడ్డ బరువు తన బిడ్డ కంటే తక్కువ. రెండు రాత్రులు నేను నిద్రపోలేదు. డాక్టరును అడిగితే ఉమ్మనీరు 5 నుంచి 25 మధ్య ఉంటే మామూలే అన్నారు. స్కానింగ్‌లో చెప్పే బరువు అంచనా మాత్రమే, అటూ ఇటూ అవుతుంది. ఆ రోజు నుంచి రిపోర్టులు పోల్చుకోవడం మానేశాం. ఎవరికైనా అంకె చూసి భయమేస్తే డాక్టరును అడగాలి, మిగతావాళ్ళు ఆ ప్రశ్న కాగితం మీద రాసిపెట్టడానికి సాయం చేయాలి, అంతవరకే. చుట్టాల్లో ఎవరికో ఏదో అయిందన్న కథలు చీకటిపడ్డాక చెప్పకూడదనీ అనుకున్నాం.

ఇంకో పొరపాటు, "ఏం కాదులే" అనడం. ధైర్యం చెప్పినట్టే ఉంటుంది కానీ, ఆ మాట వినగానే అవతలి మనిషి చెప్పడం ఆపేస్తుంది. లక్షణాలు దాచుకుంటుంది. టీచర్‌కు ఒకరోజు తలనొప్పి, మొహం వేళ్ళు ఉబ్బాయి. ఎండకు అయ్యుంటుంది, కాసిన్ని మజ్జిగ తాగు అని నేనే అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అక్క మాత్రం "బీపీ చూపించుకో" అని పట్టుబట్టింది. 150/100 ఉంది, అప్పటికప్పుడే చేర్చుకున్నారు. కాబట్టి మీకు ఎవరు తోడున్నా ఈ కొన్నింటికి సలహాలు అడుగుతూ కూర్చోకండి, నేరుగా వెళ్ళిపోండి: తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, మొహమూ చేతులూ ఉన్నట్టుండి ఉబ్బడం, ఎంత కొంచెమైనా రక్తం కనపడటం, నొప్పులు లేకపోయినా ఉమ్మనీరు పోవడం, జ్వరం. రాత్రిపూట అరచేతులు, అరికాళ్ళు విపరీతంగా దురద పెట్టినా చెప్పండి, అది చర్మం జబ్బే కానక్కర్లేదు, కాలేయానికి సంబంధించినది కావచ్చు, రక్తపరీక్ష చేస్తారు.

నొప్పుల గురించి మా నలుగురికీ ఉన్న టెన్షన్ ఒకటే, దొంగ నొప్పులా అసలు నొప్పులా ఎలా తెలుస్తుందని. నడిస్తేనో, పక్కకు తిరిగితేనో తగ్గిపోయేవి దొంగ నొప్పులు. అసలువి తగ్గవు, దగ్గరదగ్గరగా వస్తాయి, ఒక్కోటి ఎక్కువసేపు ఉంటుంది. తొలి కాన్పుకైతే అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, అలా గంటసేపు వస్తుంటే బయల్దేరమంటారు. ఊరు దూరమైతే అంతదాకా ఆగకండి. తెలంగాణలో అయితే చెకప్‌లకు తీసుకెళ్ళి తీసుకొచ్చే బండి 102, నొప్పులు మొదలైతే 108. ఈ రెండు నంబర్లూ మీ ఒక్కరి ఫోన్‌లోనే కాదు, మీ అమ్మగారి ఫోన్‌లోనూ పెట్టండి.

పల్లె అమ్మాయి విషయంలో మేం చేసిన పని నాకు బాగా ఇష్టం. వాళ్ళింట్లో పంతులుగారితో ముహూర్తం చూపించారు, ఆ రోజే ఆపరేషన్ చేయించి బిడ్డను తీయించాలన్నారు. ఆ రోజుకు ఆమెకు 37 వారాలు కూడా సరిగా నిండవు. ఆ పిల్ల నోరు విప్పలేదు, అత్తగారి ముందు ఎలా విప్పుతుంది? తర్వాతి చెకప్‌లో టీచర్ ఆమె వెనకే లోపలికి వెళ్ళి, అత్తగారు వినేలా డాక్టరును అడిగింది, ఏ ఇబ్బందీ లేకపోతే ఎన్ని వారాల దాకా ఆగితే బిడ్డకు మంచిది అని. 39 నిండేదాకా ఆగాలి, ఆ చివరి వారాల్లోనే ఊపిరితిత్తులు, మెదడు బాగా ఎదుగుతాయి అన్నారు డాక్టరు. అత్తగారు చెడ్డావిడ కాదు, ఎవరూ చెప్పలేదంతే. ముహూర్తం మాట మళ్ళీ రాలేదు. ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో పుడితే బతకరు అనే మాట కూడా ఆవిడే అంటుండేది. బిడ్డ లోపల ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమేనని ఆవిడకు అర్థమయ్యేలా చెప్పింది కూడా మా టీచరే.

అక్కకు 37వ వారం వచ్చింది. ఒక్క బట్ట కొనలేదు. పొత్తిగుడ్డలు చింపనివ్వలేదు. మాతో మాట్లాడటం కూడా తగ్గించింది. "ఈసారి అంతా మంచే జరుగుతుంది" అనాలని నోటిదాకా వచ్చేది, అనలేదు. ఆ మాట మనం ఇవ్వగలిగేది కాదు కదా. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆమె గింజలు లెక్కపెట్టే వేళకు ఎవరో ఒకరం ఫోన్ చేసి లైన్‌లో ఉండేవాళ్ళం. మాటలుండేవి కావు. ఫ్యాను చప్పుడు, గిన్నెలో గింజ పడ్డ చప్పుడు, అంతే. ఒకరోజు నేనే అడిగాను, ఆ బిడ్డ ఎలా ఉండేది అక్కా అని. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత చెప్పింది, ఒత్తుగా జుట్టు ఉండేదట, ముక్కు అచ్చం వాళ్ళ నాన్నదేనట. అప్పటిదాకా ఆ సంగతి ఎవరూ అడగలేదట ఆమెను. మర్చిపో, మర్చిపో అన్నవాళ్ళే అందరూ. ఆ రాత్రి గంటన్నర మాట్లాడింది. మీకు పరిచయమయ్యేవాళ్ళలో ఇలా బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉంటే, దయచేసి ఆమెను చూసి తప్పుకోకండి. అపశకునం కాదామె.

38 నిండగానే డాక్టర్లు ఆమెకు నొప్పులు రావడానికి మందు పెట్టారు. ఆడపిల్ల, రెండు కిలోల ఎనిమిది వందలు. మూడు రోజుల తర్వాత నేనూ నీళ్ళాడాను, మామూలు కాన్పే. కాన్పు గదిలోకి మా అమ్మ నా తోడు వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక ఆడమనిషిని తోడు రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది, మీరు చేరబోయే చోట ముందే అడిగి పెట్టుకోండి, మీ అమ్మగారో అక్కో సిద్ధంగా ఉంటారు. టీచర్‌కూ పల్లె అమ్మాయికీ ఆపరేషన్ అయింది. నా వల్ల కాలేదంటూ టీచర్ రెండు రోజులు ఏడ్చింది. ఆమె బీపీకి అదే సరైన దారి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. అన్నీ అవసరమైనవేనా అని అడగాల్సిందే, కానీ ఆ ప్రశ్న కుట్లతో పడుకున్న బాలింతను అడిగేది కాదు.

ఇక మీ నిద్ర సంగతి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద ఇంకో మెత్తటి దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోండి. వెల్లకిలా మెలకువ వస్తే కంగారు పడకండి, పక్కకు తిరిగితే చాలు. భయం పగలు కూడా వదలకపోతే, తిండి మీద ధ్యాస పోతే, బతకాలని లేదనిపిస్తే మాత్రం తోటి గర్భిణులు సరిపోరు, అది మా వల్ల అయ్యే పని కాదు. డాక్టరుకు చెప్పండి, లేదా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మీ అమ్మగారికి చెప్పకుండా దాచడం గురించి ఒక్క మాట. నేనూ దాచాను. శనివారం ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నీ చెప్పేశాను. ఆమె బీపీ ఏమీ పెరగలేదు. మర్నాటి నుంచి నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది, గింజలు ఆమే లెక్కపెట్టేది.

సోమవారం చెకప్ అన్నారు కదా. కొంచెం ముందే వెళ్ళి బెంచీ మీద కూర్చోండి. పక్కనున్నామెను ఎన్నో నెల అని అడగండి, తర్వాత నిద్రపోతున్నారా అని అడగండి. పది చింతగింజలు కూడా పట్టుకెళ్ళండి.