డ్రైవ్ ప్యానెల్‌లో మూడు రీడింగులు మూడు రకాలుగా ఉంటే దేన్ని నమ్మాలి?

మోటార్ స్పీడ్‌ని మార్చే డ్రైవ్ ఇన్‌పుట్ కేబుల్ మీద పాత క్లాంప్ మీటర్ (వైర్‌ని దవడలో పట్టి కరెంటు కొలిచేది) 15 ఆంపియర్లు, కొత్త ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ (వేడి పుట్టించే అసలు కరెంటు విలువ చూపేది) 20 చూపిస్తున్నాయి, డ్రైవ్ డిస్‌ప్లేలో 26 ఉంది, ఏది నిజం అని అడిగారు. 20, 26 రెండూ నిజమే కావచ్చండి. 15ని మాత్రం వదిలేయండి.

పాత మీటర్ పాడవలేదు. అది కరెంటు సగటును కొలిచి 1.11తో గుణించి చూపిస్తుంది. సైన్ వేవ్‌కి ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది, వేరే ఆకారానికి సరిపోదు. డ్రైవ్‌లో ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ కెపాసిటర్లు నిండేటప్పుడే కరెంటు లాగుతుంది కాబట్టి ఒక్కో అర సైకిల్‌లో రెండు మూపురాలు వస్తాయి. అందులో 250, 350 హెర్ట్జ్ హార్మోనిక్స్ (50 హెర్ట్జ్ సప్లైకి 5, 7 రెట్ల వేగంతో ఊగే తరంగాలు) దండిగా ఉంటాయి. కేబుల్‌ని వేడెక్కించేది ఆర్‌ఎంఎస్ విలువే, సగటు కాదు.

బెంగళూరు పీణ్యలో నేను మెయింటెనెన్స్ చూసే యూనిట్‌లో థైరిస్టర్‌తో (అర సైకిల్‌లో కొంతసేపే కరెంటు వదిలే స్విచ్) నడిచే హీటర్ ప్యానెల్ ఒకటి ఉంది. దాని లగ్ (కేబుల్ చివర బిగించే ముక్క) దగ్గర ఇన్సులేషన్ మాడి గోధుమరంగుకు తిరిగింది. పాత మీటర్ మాత్రం లోడ్ తక్కువే అంటోంది! లెక్క వేసి చూడండి: పీక్ 40 ఆంపియర్లు, ఫైరింగ్ (థైరిస్టర్ ఆన్ అయ్యే చోటు) 90 డిగ్రీల దగ్గర, అంటే అర సైకిల్ మధ్యలో అనుకుంటే అసలు ఆర్‌ఎంఎస్ 20. సగటు మీటర్ చూపేది 14.1. అంటే దాదాపు 30 శాతం తక్కువ.

ఇక డిస్‌ప్లేలోని 26 సంగతి. అది మోటార్ వైపు కరెంటు. మోటార్‌లో అయస్కాంత క్షేత్రం పుట్టించే మాగ్నెటైజింగ్ కరెంటు మోటార్‌కీ డ్రైవ్ లోపలి డీసీ బస్ కెపాసిటర్లకీ మధ్యే తిరుగుతుంది, సప్లై నుంచి రాదు. పైగా స్పీడ్ తగ్గించినప్పుడు మోటార్‌కి వెళ్ళే వోల్టేజీ తగ్గుతుంది గానీ కరెంటు అంతగా తగ్గదు. అందుకే ఇన్‌పుట్, అవుట్‌పుట్ అంకెలు కలవాల్సిన పని లేదు. ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది డ్రైవ్ సెన్సర్ పోయిందని సర్వీసువాళ్ళని పిలిపిస్తారో! అవుట్‌పుట్ వరకు నేను డిస్‌ప్లేనే నమ్ముతాను. 5, 10 హెర్ట్జ్ దగ్గర మామూలు ఏసీ క్లాంప్ కోర్ సరిగ్గా పనిచేయదు.

బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో మీటర్ కొంటున్నప్పుడు డబ్బా మీద ట్రూ ఆర్‌ఎంఎస్ అని ఉంటే చాలనుకోకండి. లోపలి కాగితంలో క్రెస్ట్ ఫ్యాక్టర్ (ఆర్‌ఎంఎస్‌కి ఎన్ని రెట్ల పీక్ వరకు కొలవగలదో చెప్పే అంకె) ఎంత, ఎన్ని హెర్ట్జ్ వరకు యాక్యురసీ ఇచ్చారు అన్నవి చూడండి. క్రెస్ట్ ఫ్యాక్టర్ 3 ఉంటే మంచిది. 45 నుంచి 65 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉంటే, 650 హెర్ట్జ్ దగ్గరుండే 13వ హార్మోనిక్‌కి కంపెనీ పూచీ లేదన్నమాటే. డీసీ కూడా కొలవాలంటే అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉన్నదే కావాలి.

దవడలో ఒక్క ఫేజ్ వైరే ఉండాలి, దవడ పూర్తిగా మూసుకోవాలి. రెండు మూడు ఆంపియర్ల చిన్న లోడ్ అయితే, సప్లై ఆపి, వైర్‌ని దవడలోంచి 5 చుట్లు తిప్పి, వచ్చిన రీడింగ్‌ని 5తో భాగించండి.