కమీషన్ పోతుంది సరే, పూచీ ఎవరిది?

బ్రాడీపేట, గుంటూరు

చిట్టితల్లీ,

ఫ్రీలాన్స్ పనులకు కమీషన్ తీసుకోని బ్లాక్‌చెయిన్ ప్లాట్‌ఫాం (లెక్కలు ఒకరి చేతిలో కాక ఎన్నో కంప్యూటర్లలో అందరికీ కనిపించేలా ఉండేది) ఏదో దొరికిందని, పాత అకౌంట్ మూసేసి అటు వెళ్ళిపోతానంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. వద్దనడానికి రాయడం లేదు. ఈలాన్స్, ఓడెస్క్ అనే ఫ్రీలాన్స్ సైట్లు వేర్వేరుగా ఉన్న రోజుల నుంచి విదేశీ క్లయింట్లకు డ్రాయింగులు గీసి ఇల్లు నడిపినవాణ్ణి. వెళ్ళేముందు చూసుకోవాల్సినవి నాకు తెలిసినంతలో చెప్తాను.

నీ ఆశలో తప్పు లేదు. ఫైవర్ లాంటి ఫ్రీలాన్స్ సైట్‌లో నూటికి 20 వాళ్ళకే పోతుంది. విజయవాడలో రూము అద్దె కట్టుకునే పిల్లకు అది చిన్న మొత్తం కాదు. పైగా ఏ కారణంతోనో అకౌంట్ ఆపేస్తే ఏళ్ళ తరబడి సంపాదించుకున్న రేటింగులన్నీ అక్కడే ఉండిపోతాయి. కొత్త పద్ధతిలో క్లయింట్ ముందుగానే డబ్బును టోకెన్లుగా, అంటే డిజిటల్ నాణేలుగా, స్మార్ట్ కాంట్రాక్ట్‌లో వేస్తాడు. షరతు నెరవేరితే డబ్బు తానే పంపే ప్రోగ్రాము అది. 2015లో ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ వచ్చాక పెరిగిన పద్ధతి ఇది. షరతు నెరవేరగానే డబ్బు నీ వాలెట్‌కి, అంటే నీ డిజిటల్ పర్సుకి, వచ్చేస్తుంది. చేసిన పనుల రికార్డు కూడా నీ అడ్రస్‌తో (ఖాతా నంబరు లాంటిది) నీ వెంటే ఉంటుంది.

అయితే షరతు నెరవేరిందని ఎవరు చెప్తారు? ఫైల్ అందిందా లేదా అన్నది కోడ్ చూడగలదు. నువ్వు చేసిన యాప్ డిజైన్ క్లయింట్ అడిగినట్టు ఉందా లేదా అన్నది దానికి తెలియదు, ఎవరో ఒక మనిషి చెప్పాల్సిందే. మన మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి తన వాటా పట్టుకుంటాడు నిజమే, కానీ కొన్నవాడు డబ్బు ఆపితే రైతు వెళ్ళి నిలదీసేది ఆయన్నే. నీ పాత ప్లాట్‌ఫాం తీసుకునే కమీషన్‌లోనూ అలాంటి పూచీ కొంత ఉంది. దాన్ని వదులుకున్నప్పుడు ఆ పూచీని కాంట్రాక్ట్‌లో నువ్వే రాసుకోవాలి.

అందుకని పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు డబ్బు విడిగా లాక్ చేయించు. లాగిన్ స్క్రీన్లు ఎన్ని, ఏ ఫార్మాట్‌లో ఇస్తావు, మార్పులు ఎన్నిసార్లు చేస్తావు, అన్నీ రాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది గడువు. ఫైల్ ఇచ్చాక ఏడు రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే డబ్బు దానంతటదే విడుదల కావాలి. ఈ ఒక్క వాక్యం లేకపోతే క్లయింట్ ఊరుకున్నంత కాలం నీ డబ్బు అలాగే ఇరుక్కుపోతుంది. తగాదా వస్తే ఎక్కడికి వెళ్తుందో కూడా ముందే చూసుకో. బ్లాక్‌చెయిన్ మీద తగాదాలు తీర్చే క్లెరోస్ లాంటి చోట టోకెన్లు తాకట్టు పెట్టినవాళ్ళలోంచి కొందరిని లాటరీలా ఎంచి తీర్పు చెప్పిస్తారు. ఎక్కువమంది ఎటు ఓటేస్తే అదే తీర్పు. వాళ్ళు నిన్ను ఎరగరు, ఫోన్లో మీరు అనుకున్న మాటలూ ఎరగరు. ముందు పెట్టిన కాగితాన్ని బట్టే చెప్తారు.

రికార్డు నీ వెంట వస్తుందన్నాను కదా, అది అందరికీ కనిపిస్తుంది కూడా. కొత్త క్లయింట్ నీ అడ్రస్ తెరిచి, ఇదివరకు ఎవరు ఎంత ఇచ్చారో చూసి బేరం మొదలుపెట్టగలడు. పని డబ్బు వచ్చే వాలెట్‌లో పొదుపు ఉంచకు. వాలెట్ తెరిచే 12 లేదా 24 పదాలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టు, ఎవరడిగినా చెప్పకు. ఇంటర్వ్యూ టెస్ట్ అని ప్రాజెక్ట్ ఫోల్డర్ పంపి రన్ చెయ్యమంటారు, వాలెట్ ఉన్న లాప్‌టాప్‌లో మాత్రం చెయ్యొద్దు. అలా డబ్బు పోగొట్టుకున్న డెవలపర్లు చాలామంది ఉన్నారు.

ప్లాట్‌ఫాం సొంత టోకెన్‌లో జీతం ఒప్పుకోకు. డాలర్‌తో ముడిపడిన నాణేలే అడుగు, అవీ ఎక్కువ రోజులు ఉంచకు. డాలర్‌తో సమానమన్న టెర్రా యూఎస్‌డీ 2022 మేలో కుప్పకూలింది. గట్టిదని పేరున్న యూఎస్‌డీసీ కూడా 2023 మార్చిలో ఒక దశలో 90 సెంట్ల కిందికి దిగివచ్చింది.

ఇక రూపాయలు చేసుకోవడం. అసలు టెన్షన్ ఇక్కడే. టోకెన్ అందిన రోజు విలువ నీ ఆదాయం. తర్వాత అమ్మితే వచ్చే లాభం మీద 30 శాతం పన్ను, నష్టం వస్తే దేనితోనూ సర్దుకోనివ్వరు. అమ్మేటప్పుడు ఒక శాతం టీడీఎస్ పడుతుంది. పైగా జీఎస్టీలో సేవల ఎగుమతిగా లెక్కించాలంటే డబ్బు విదేశీ మారకంలో గానీ, రిజర్వు బ్యాంకు ఒప్పుకున్న చోట రూపాయల్లో గానీ రావాలి, టోకెన్ ఆ లెక్కలోకి రాదు. నీ రాబడి ఏడాదికి 20 లక్షలు దాటి జీఎస్టీలో నమోదు కావాల్సిన రోజున ఇది పెద్ద విషయం అవుతుంది. కొంచెం రేటు ఎక్కువ వస్తుందని టెలిగ్రామ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళకు అమ్మకు. వాళ్ళు వేసే డబ్బు సైబర్ మోసంలో కొట్టేసినదైతే, ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసులు నీ బ్యాంకు ఖాతా ఆపేస్తారు. అనుమానాస్పద లావాదేవీల మీద కన్నేసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఐయూ దగ్గర నమోదైన ఎక్స్ఛేంజ్‌లోనే (టోకెన్లు కొని అమ్మే చోటు) అమ్ము, ప్రతి రసీదూ దాచు.

పాత అకౌంట్ మూయకు. అక్కడ నీకు బాగా తెలిసిన క్లయింట్లు ఉన్నారు, నెల గడిచేది వాళ్ళతోనే. కొత్త చోట ఒక చిన్న పని తీసుకుని, డబ్బు నీ బ్యాంకు ఖాతాలో పడేదాకా పూర్తిగా చేసి చూడు. ఆ కాంట్రాక్ట్ ఒప్పుకునే ముందు నాకు పంపు, గడువు, మార్పులు ఉన్న పేరాలు చదివి చెప్తాను. ఆడిటర్‌ని ఈ నెలలోనే కలువు.

మీ మామయ్య